అప్‌డేట్‌ను యాంటీవైరస్ మాటిమాటికీ ఆపేస్తుంటే: విండోస్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

బ్రౌజరో, వీడియో కాల్ యాపో, ఆఫీసులో వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరో తనంతట తాను అప్‌డేట్ అవ్వబోతుంది. అంతలో స్క్రీన్ కుడి మూలన "థ్రెట్ బ్లాక్డ్" అని నోటీసు వస్తుంది. అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. ఈ వారం ఎలాగో సర్దుకున్నా, వచ్చే నెల కొత్త వెర్షన్ రాగానే మళ్లీ అదే టెన్షన్. విసిగిపోయినవాళ్లు సాధారణంగా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. యాంటీవైరస్‌ను ఆపేస్తారు, లేదంటే అప్‌డేట్లనే ఆపేస్తారు. ఆ రెండూ చేయకుండా సమస్యను చాలావరకు తీర్చుకోవచ్చు. దానికి ఒక వరుస ఉంది.

ముందు ఆ రెండు దారులూ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్) ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది. అంటే రెండు నెలల ముందే మందు ఉంది, చాలాచోట్ల వేసుకోలేదు. అప్‌డేట్లు ఆపేస్తే జరిగేది ఇది. యాంటీవైరస్ మాట పెడచెవిన పెడితే ఏమవుతుందో చెప్పే ఉదంతం కూడా ఒకటి ఉంది. దాన్ని ఫైలు తనిఖీ దగ్గర వివరంగా చెబుతాను.

ప్రతిసారీ ఎందుకు ఆపుతుంది

యాంటీవైరస్ పాత వైరస్‌ల జాబితాతో పోల్చి చూసి ఊరుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ప్రతి ఫైలుకూ పరపతి లెక్క ఉంటుంది. ఆ ఫైలును ఎంతమంది వాడుతున్నారు, ఎన్నాళ్లుగా వాడుకలో ఉంది, ఏ కంపెనీ డిజిటల్ సంతకం చేసింది అన్నవి చూస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి కిరాణా కొట్లో అరువు పుట్టనట్టే, ఈ ఉదయం తయారైన ఫైలుకు పరపతి ఉండదు. నిన్నటి వెర్షన్ ఎంత మంచిదైనా కొత్త వెర్షన్‌లో ఫైలు మారిపోయింది కాబట్టి దాని హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) కూడా మారుతుంది. హ్యాష్ మారితే ఆ ఫైలు పరపతి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇక అప్‌డేట్లు వచ్చే వేగం చూడండి. క్రోమ్ 2021 సెప్టెంబరు నుంచి నాలుగు వారాలకోసారి పెద్ద వెర్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 ఆగస్టులో వచ్చిన 116వ వెర్షన్ నుంచి వారం వారం భద్రతా అప్‌డేట్లు కూడా వస్తున్నాయి. అంత పెద్ద కంపెనీ ఫైలుకైతే గంటల్లోనే లక్షల మంది వాడుకదారులు చేరతారు కాబట్టి పరపతి త్వరగా వస్తుంది. వందల మంది మాత్రమే వాడే చిన్న సాఫ్ట్‌వేర్‌కు వారం గడిచినా రాదు. ఈలోగా ఇంకో అప్‌డేట్ వచ్చేస్తుంది.

రెండో కారణం ఫోల్డర్ పేరు. కొన్ని యాప్‌లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా మీ యూజర్ ఖాతాలోని యాప్‌డేటా ఫోల్డర్‌లో కూర్చుంటాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకుండా ఇన్‌స్టాల్ అవ్వడానికి ఇది సులువైన దారి. డిస్కార్డ్ లాంటివి ప్రతి వెర్షన్‌కూ అక్కడే కొత్త ఫోల్డర్ తెరుస్తూ వచ్చాయి. ఆ ఫోల్డర్ పేరులోనే వెర్షన్ అంకె ఉంటుంది. మీరు కిందటి నెల పాత ఫోల్డర్‌కు ఇచ్చిన అనుమతి కొత్త ఫోల్డర్‌కు వర్తించదు. పైగా అడ్మిన్ అనుమతి లేకుండా చొరబడే మాల్వేర్ కూడా దాక్కునేది అక్కడే కాబట్టి, ఆ ఫోల్డర్‌లో కొత్త ప్రోగ్రామ్ పరుగెత్తితే యాంటీవైరస్ అనుమానించడం సహజమే.

మొదటి మెట్టు: ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

ఏ అప్‌డేట్ అయినా నాలుగు పనులు వరుసగా చేస్తుంది. కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది, ఫైలు దించుకుంటుంది, పాత ఫైళ్ల చోట కొత్తవి రాస్తుంది, కొత్త ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. ఏ దశలో ఆగిందో తెలిస్తే అడ్డుపడింది ఎవరో దాదాపు తెలిసిపోయినట్టే.

సర్వర్ దొరకలేదు, కనెక్షన్ విఫలమైంది అని వస్తే మొదటి దశలోనే ఆగినట్టు. ఫైర్‌వాల్ (నెట్ రాకపోకలకు కాపలా), హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ (కింద వివరిస్తాను), ఇంటర్నెట్ కనెక్షన్, కంప్యూటర్ తేదీ, వీటిలో ఏదో ఒకటి కారణం. డౌన్‌లోడ్ నూరు శాతం అయ్యాక ఫైలు మాయమైతే అది యాంటీవైరస్ క్వారంటైన్, అంటే అనుమానంతో ఫైలును పక్కన బంధించింది. "ఫైలు రాయలేకపోయాం", "యాక్సెస్ డినైడ్" అంటే ఫోల్డర్‌కు కాపలా ఉన్న ఫీచర్ పని కావచ్చు. అంతా పూర్తయ్యాక కొత్త యాప్ తెరుచుకోకపోతే, ప్రోగ్రామ్ నడిచే తీరు చూసి ఆపే ఫీచర్ అడ్డుపడింది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. అప్‌డేట్ ఆగగానే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ యాప్‌కు టిక్కు పెడతారు. ఆ టిక్కు బయటి నుంచి లోపలికి వచ్చే కనెక్షన్లకు సంబంధించినది. విండోస్ సొంత ఫైర్‌వాల్ మామూలు సెట్టింగుల్లో బయటికి వెళ్లే కనెక్షన్లను ఆపదు. అప్‌డేట్ దించుకోవడం బయటికి వెళ్లే పని. కాబట్టి ఆ టిక్కుతో ఒరిగేది ఉండదు. మీరు వేరే కంపెనీ సెక్యూరిటీ సూట్ వాడుతుంటే మాత్రం దాని ఫైర్‌వాల్ బయటికి వెళ్లేవాటిని కూడా ఆపగలదు. అక్కడ చూడండి.

రెండో మెట్టు: హిస్టరీ చదవండి

స్టార్ట్ నొక్కి "విండోస్ సెక్యూరిటీ" అని టైప్ చేసి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ప్రొటెక్షన్ హిస్టరీ నొక్కండి. వేరే యాంటీవైరస్ ఉంటే దాని రిపోర్ట్స్ లేదా క్వారంటైన్ పేజీ తెరవండి. అప్‌డేట్ ఆగిన సమయానికి దగ్గర్లో ఉన్న ఎంట్రీని విప్పి, తొందరపడకుండా పూర్తిగా చదవండి.

అందులో మూడు విషయాలు ముఖ్యం. ఒకటి, "ఎఫెక్టెడ్ ఐటెమ్స్" కింద ఉన్న ఫైలు దారి. అది మీ యాప్ ఫోల్డరేనా, లేక మీకు సంబంధం లేని డౌన్‌లోడ్స్‌లోని ఫైలా? రెండు, తీవ్రత. మూడు, డిటెక్షన్ పేరు. ఈ పేరు చాలా చెబుతుంది. ఉదాహరణకు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌లో తరచూ కనిపించే పేరు "ట్రోజాన్, విన్32, వకటాక్, బి". దాని చివర ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత చిన్న అక్షరాల్లో ఎం, ఎల్ అని ఉంటుంది. ఆ ఎంఎల్ అంటే మెషీన్ లెర్నింగ్. తెలిసిన వైరస్‌తో పోలిక కుదిరి పట్టుకున్నది కాదు, లక్షణాలు చూసి మోడల్ వేసిన అంచనా. తప్పయ్యే అవకాశం వీటిలో ఎక్కువ. అలాగని కొట్టిపారేయకండి, నిజమైన ట్రోజాన్లు కూడా ఇదే పేరుతో దొరుకుతాయి. పేరు "పీయూఏ"తో మొదలైతే వైరస్ అని కాదు, ఇన్‌స్టాలర్‌తోపాటు అక్కర్లేని టూల్‌బార్ లాంటిదేదో అంటించారని అర్థం. "బిహేవియర్" అని మొదలైతే ఫైలు నడుస్తూ చేసిన పని చూసి ఆపింది. దీన్ని నేను మిగతావాటికన్నా గట్టిగా పట్టించుకుంటాను.

హిస్టరీలో ఏమీ లేకపోతే, విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్ అన్న వరుసలో వెళ్లండి. అక్కడి ఈవెంట్ నంబర్లలో 1116 అంటే అనుమానాస్పద ఫైలు దొరికింది, 1117 అంటే దానిమీద చర్య తీసుకుంది, 1121 అంటే దాడి మార్గాలను మూసే నియమం ఒకటి ఆపింది, 1123 అంటే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (దీని గురించి కింద ఉంది) ఆపింది. ఆ సమయంలో ఇవేవీ లేకపోతే డిఫెండర్‌ను నిందించడం మానేసి వేరే కారణం వెతకాలి.

మూడో మెట్టు: ముందు యాంటీవైరస్‌నే అప్‌డేట్ చేయండి

ఏ మినహాయింపూ ఇవ్వకముందే, అంటే ఫలానా ఫైలును తనిఖీ చేయొద్దని యాంటీవైరస్‌కు చెప్పకముందే, ఈ పని చేయాలి. 2022 సెప్టెంబరు 4న డిఫెండర్ ఉన్నట్టుండి క్రోమ్, డిస్కార్డ్, స్పాటిఫై లాంటి యాప్‌లను మాల్వేర్ అని పట్టుకోవడం మొదలుపెట్టింది. అది డెఫినిషన్ ఫైలు, అంటే మాల్వేర్ గుర్తుల జాబితాలోని పొరపాటు. మైక్రోసాఫ్ట్ త్వరగానే కొత్త డెఫినిషన్ ఇచ్చి సరిచేసింది. ఆ కాస్త వ్యవధిలో కంగారుపడి పెద్ద పెద్ద మినహాయింపులు పెట్టుకున్నవాళ్లకు అవి అనవసరంగా మిగిలిపోయి ఉంటాయి.

వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ పేజీలో కిందికి వెళ్తే ప్రొటెక్షన్ అప్‌డేట్స్ ఉంటుంది. చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. పూర్తయ్యాక యాప్ అప్‌డేట్‌ను మళ్లీ ప్రయత్నించండి. అత్యవసరం కానిదైతే ఒక రోజు ఆగి చూడండి. పెద్ద కంపెనీల యాప్‌లలో పరపతి లేక ఆగినవి చాలావరకు ఈ ఒక్క రోజులో వాటంతటవే సర్దుకుంటాయి.

నాలుగో మెట్టు: ఫైలు నిజంగా ఆ కంపెనీదేనా

ఈ మార్గదర్శి మొత్తంలో దేన్ని దాటేసినా దీన్ని మాత్రం దాటేయకండి.

ఏదో వెబ్‌సైట్ చూస్తుండగా "మీ బ్రౌజర్ పాతదైపోయింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి" అని వచ్చి, ఆ ఫైలును యాంటీవైరస్ ఆపి ఉంటే దానికి కృతజ్ఞత చెప్పుకుని ఫైలు తుడిచేయండి. అది దొంగ అప్‌డేట్. క్రోమ్ నిజమైన అప్‌డేట్ వెబ్ పేజీలో రాదు. మూడు చుక్కల మెనూలో హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్‌లో వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలును ఫోన్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆపినా ఇదే మాట.

యాప్ తనంతట తాను దించుకున్న ఫైలైతే, దానిమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉండాలి. అందులో కంపెనీ పేరు ఎంచుకుని డీటెయిల్స్ నొక్కితే "దిస్ డిజిటల్ సిగ్నేచర్ ఈజ్ ఓకే" అని కనిపించాలి. ఆ ట్యాబే లేకపోతే ఫైలుకు సంతకం లేదన్నమాట. చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్లకు ఇది మామూలే, కానీ పెద్ద కంపెనీ అప్‌డేట్‌కు సంతకం లేదంటే అక్కడితో ఆగిపోవాలి.

తర్వాత వైరస్‌టోటల్ సైట్‌లో ఫైలును పరీక్షించండి. వేర్వేరు కంపెనీల 70కి పైగా యాంటీవైరస్ ఇంజిన్లు దాన్ని చూస్తాయి. పెద్దగా పేరు వినని ఇంజిన్లు ఒకటి రెండు మాత్రమే ఎర్రగా చూపిస్తే పొరపాటు కావడానికే అవకాశం ఎక్కువ. పేరున్నవి నాలుగైదు ఒకే మాట చెబితే ఆ ఫైలును నమ్మకండి. అక్కడ పెట్టిన ఫైళ్లు ఇతర భద్రతా సంస్థలకూ అందుతాయి కాబట్టి ఇన్‌స్టాలర్లు తప్ప మీ సొంత డాక్యుమెంట్లు, ఆడిట్ ఫైళ్లు పెట్టొద్దు.

సంతకం బాగుంటే చాలు, ఇక భయం లేదు అనుకోవడానికీ లేదు. ముందు చెబుతానన్న ఉదంతం ఇదే. 2023 మార్చిలో త్రీసీఎక్స్ అనే కంపెనీ డెస్క్‌టాప్ ఫోన్ యాప్‌కు అప్‌డేట్ వచ్చింది. దాని మీద కంపెనీ సంతకం సరిగ్గానే ఉంది. వచ్చింది కూడా కంపెనీ సర్వర్ నుంచే. మార్చి 22 నుంచి సెంటినెల్‌వన్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. ఇది సాఫ్ట్‌వేర్ పొరపాటే అని చాలామంది అనుకున్నారు. వారం తర్వాత, మార్చి 29న అసలు సంగతి బయటపడింది. హ్యాకర్లు కంపెనీలోకి చొరబడి అప్‌డేట్‌లోనే మాల్వేర్ కలిపేశారు. ఆ వారంలో మినహాయింపు ఇచ్చినవాళ్లు దొంగకు తామే తలుపు తీసినట్టయింది.

అందుకే నేను పెట్టుకునే హద్దు ఇది. పరపతి లేకో, మెషీన్ లెర్నింగ్ అంచనాతోనో ఆగి, సంతకం బాగుండి, మిగతా ఇంజిన్లు శుభ్రంగా చూపిస్తే అనుమతి ఇవ్వొచ్చు. నడుస్తున్నప్పుడు చేసిన పని చూసి ఆపితే మాత్రం, సంతకం ఉన్నా సరే, ఆ కంపెనీ స్పందించేదాకా పాత వెర్షన్‌లోనే ఉండడం మంచిది.

ఐదో మెట్టు: మినహాయింపు ఇవ్వండి, కానీ వీలైనంత ఇరుగ్గా

మినహాయింపు ఇచ్చే ముందు ఒక దారి ప్రయత్నించండి. కంపెనీ అధికారిక సైట్ నుంచి పూర్తి ఇన్‌స్టాలర్ దించుకుని పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేయండి. ఎన్నోసార్లు యాంటీవైరస్ ఆపేది అప్‌డేటర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను మాత్రమే. పూర్తి ఇన్‌స్టాలర్‌కు అడ్డు ఉండదు.

రెండు రకాల ఇన్‌స్టాలర్లు ఉంటే సిస్టమ్ ఇన్‌స్టాలర్ ఎంచుకోండి. విజువల్ స్టూడియో కోడ్‌కు ఇలా యూజర్, సిస్టమ్ అని రెండున్నాయి. సిస్టమ్ రకం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్తుంది. అక్కడ రాయాలంటే అడ్మిన్ హక్కు కావాలి కాబట్టి ఆ చోటుకు మినహాయింపు ఇవ్వడంలో ప్రమాదం తక్కువ. అప్‌డేట్ అప్పుడు అడ్మిన్ అనుమతి అడగొచ్చు, ఆ మాత్రం ఇబ్బంది భరించదగ్గదే.

ఇవేవీ కుదరకపోతే మినహాయింపు. డిఫెండర్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, కిందికి వెళ్లి యాడ్ ఆర్ రిమూవ్ ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. ఫైల్, ఫోల్డర్, ఫైల్ టైప్, ప్రాసెస్ అని నాలుగు రకాలు కనిపిస్తాయి.

1. ఫైల్ అన్నిటికన్నా ఇరుకైనది. అప్‌డేటర్ పేరు, దారి మారకుండా ఉండే యాప్‌లకు ఇదే సరిపోతుంది.
2. ఫోల్డర్ ఇవ్వాల్సి వస్తే ఆ యాప్ సొంత ఫోల్డర్ మాత్రమే ఇవ్వండి. డౌన్‌లోడ్స్, టెంప్, యాప్‌డేటా మొత్తం, సీ డ్రైవ్, వీటిని ఎప్పుడూ ఇవ్వొద్దు.
3. ఫైల్ టైప్ కింద ఎక్జీ (ప్రోగ్రామ్ ఫైళ్ల రకం) అని పెట్టడం అంటే యాంటీవైరస్ తీసేసినట్టే.
4. ప్రాసెస్ గురించి చాలామందికి అపోహ ఉంది. ఒక ప్రాసెస్‌ను మినహాయిస్తే ఆ ప్రాసెస్ తెరిచే ఫైళ్లకు తనిఖీ ఉండదు, అంతేకానీ ఆ ప్రోగ్రామ్ ఫైలుకు మినహాయింపు రాదు. దానికి విడిగా ఫైల్ మినహాయింపు కావాలి.

క్విక్ హీల్, అవాస్ట్, ఈసెట్ లాంటివాటిలోనూ ఇలాంటి జాబితా సెట్టింగుల్లో ఉంటుంది. పేరే కాస్త మారుతుంది.

క్వారంటైన్‌లో ఉన్న ఫైలును మినహాయింపు పెట్టాకే రిస్టోర్ చేయండి. ముందే చేస్తే మళ్లీ పట్టుకుంటుంది. పొరపాటున పట్టుకుందని మీకు నమ్మకం కుదిరితే మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ సైట్‌లో ఆ ఫైలును సమర్పించండి. మిగతా యాంటీవైరస్ కంపెనీలకూ ఇలాంటి పేజీలున్నాయి. యాప్ తయారుచేసినవాళ్లకు కూడా ఒక మెయిల్ పెట్టండి. ప్రతి వెర్షన్‌కూ ఇదే గొడవైతే అది వాళ్లు సంతకం, పరపతి సరిచూసుకుంటేనే తీరుతుంది, మీ ఒక్క కంప్యూటర్‌లో తీరేది కాదు.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆపితే

ఇది రాన్సమ్‌వేర్ నుంచి డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను కాపాడే ఫీచర్. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్‌తో మొదలైంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఎవరైనా ఆన్ చేస్తేనే పని చేస్తుంది. డేటాను డాక్యుమెంట్స్‌లో పెట్టుకునే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక "డేటా తెరవలేకపోయాం" అంటే మొదట దీన్నే అనుమానించండి.

రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ పేజీలో అలౌ యాన్ యాప్ త్రూ కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఉంటుంది. అందులో యాడ్ నొక్కి రీసెంట్లీ బ్లాక్డ్ యాప్స్ ఎంచుకుంటే ఆగిన ప్రోగ్రామ్ అక్కడే కనిపిస్తుంది, వెతుక్కునే పని ఉండదు. ఈ ఫీచర్ ఆఫ్ చేయకండి.

విండోస్ 11లోని స్మార్ట్ యాప్ కంట్రోల్ (నమ్మకం లేని యాప్‌లను నడవనివ్వని ఫీచర్) వేరు. అందులో ఒక్కో యాప్‌కు విడిగా మినహాయింపు ఇచ్చే వీలు లేదు. అది ఆపిన అప్‌డేట్‌కు సంతకం చేసిన వెర్షన్ కోసం తయారీదారును అడగడమే దారి.

యాంటీవైరస్ ఆపినట్టు కనిపించేవి

కంప్యూటర్ తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే సర్వర్లు తమ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్లు చెల్లవు, అప్‌డేట్ సర్వర్ దొరకదు. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032, ఎలక్ట్రానిక్స్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది.

హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ మరొకటి. కొన్ని యాంటీవైరస్‌లు సురక్షిత కనెక్షన్‌ను మధ్యలో విప్పి చూసి, తమ సర్టిఫికెట్ పెట్టి పంపుతాయి. తన సర్వర్ సర్టిఫికెట్ మాత్రమే ఒప్పుకునే అప్‌డేటర్ దాన్ని మోసంగా లెక్కేసి ఆగిపోతుంది. బ్రౌజర్‌లో అడ్రస్ బార్ పక్కన నొక్కి సర్టిఫికెట్ చూడండి. జారీ చేసినవారి పేరు దగ్గర మీ యాంటీవైరస్ పేరు ఉంటే ఈ స్కానింగ్ నడుస్తున్నట్టు. సెట్టింగుల్లో ఆ యాప్‌ను గానీ, అప్‌డేట్ సర్వర్‌ను గానీ ఈ స్కానింగ్ నుంచి తప్పించండి.

కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరిపోయి, దాని మీద ఇంకోటి వేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. రెండూ ఒకే ఫైలును పట్టుకుని లాగుతాయి. ఒకటే ఉంచండి. తీసేసేదాన్ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోకపోవచ్చు, నెట్‌వర్క్ ఫిల్టర్లు మిగిలిపోతాయి. ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ నడిపి రీస్టార్ట్ చేయండి.

ఆఫీసు కంప్యూటరైతే

సెట్టింగుల్లో "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న మాట ఉంటే మీరుగా ఏదీ మార్చకండి. ఐటీ విభాగానికి స్క్రీన్‌షాట్, ఫైలు దారి, డిటెక్షన్ పేరు, సమయం పంపితే వాళ్ల పని సగం అయిపోయినట్టే. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో కంపెనీ ల్యాప్‌టాప్‌తో ఇంటి నుంచి పనిచేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

మీరే ఆ ఐటీ మనిషైతే, ఫోల్డర్ దారులతో కాకుండా పబ్లిషర్ సంతకంతో నియమాలు రాయండి. ఏ ప్రోగ్రామ్‌లు నడవాలో నిర్ణయించే విండోస్ ఫీచర్ యాప్‌లాకర్‌లో పబ్లిషర్ రూల్ ఉంది. వెర్షన్ మారినా, ఫోల్డర్ మారినా సంతకం మారదు కాబట్టి ప్రతి నెలా కొత్త మినహాయింపు రాసే బాధ తప్పుతుంది. అయితే యాప్‌లాకర్‌లో అనుమతి ఇచ్చినంత మాత్రాన యాంటీవైరస్ ఊరుకోదు, రెంటినీ విడివిడిగా చూసుకోవాలి. కొత్త వెర్షన్‌ను ముందు రెండు మూడు కంప్యూటర్లలో వేసి, ఒకట్రెండు రోజులు చూసి మిగతావాటికి పంపండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు కూడా వీలైనచోట ఈ పద్ధతే పెట్టాలి.

అప్‌డేట్ అయ్యాక

యాప్‌లో అబౌట్ పేజీ తెరిచి వెర్షన్ అంకె నిజంగా మారిందో లేదో చూడండి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో షో అప్‌డేట్ హిస్టరీ అనే బటన్ కూడా ఉంది. ఏ మినహాయింపు ఎప్పుడు, ఎందుకు పెట్టారో ఒక చిన్న నోట్ రాసుకోండి. తర్వాత వచ్చే వెర్షన్‌కు ఆ మినహాయింపు తీసేసి ప్రయత్నించండి, చాలాసార్లు దాని అవసరం ఉండదు. మూడు నెలలకోసారి ఎక్స్‌క్లూజన్స్ జాబితా, అలౌడ్ థ్రెట్స్ జాబితా రెండూ తెరిచి, పాత వెర్షన్ ఫోల్డర్ల పేర్లు, తీసేసిన యాప్‌లవి తుడిచేయండి. మీరు పెట్టని పేరు ఏదైనా అందులో కనిపిస్తే, మాల్వేర్ తనకు తానే మినహాయింపు రాసుకుని ఉండొచ్చు. వెంటనే దాన్ని తీసేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్ తెరిచి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి తెరిచి ఉన్న పనులు ముందే సేవ్ చేసుకోండి.